అమ్మ ఒంటి వాసన మారిందనిపిస్తే అది జబ్బుకు గుర్తా?

ప్రశ్న అడిగిన సోదరి చెప్పిన విషయం ఇది. ఆమె చెన్నైలో ఉద్యోగం చేస్తున్నారు. అరవై దాటిన తల్లిగారు చిత్తూరులో తమ్ముడి కుటుంబంతో ఉంటున్నారు, చాలా కాలంగా షుగరుకు మాత్రలు వాడుతున్నారు. ఈ మధ్య ఇంటికి వెళ్ళినప్పుడల్లా అమ్మ పక్కన కూర్చుంటే మునుపు లేని వాసన ఒకటి, కాస్త ముక్కినట్టు, కాస్త తీపిగా, తగులుతోందట. తమ్ముడూ మరదలూ తమకేమీ తెలియడం లేదని, అది భ్రమేనని అంటున్నారు. స్కాట్లాండులో ఒకావిడ భర్త ఒంటి వాసన మారడాన్ని బట్టి పార్కిన్సన్స్ (వణుకుడు) జబ్బును ముందే పసిగట్టిందని చదివి, అమ్మకూ అదేనేమోనని ఈమె భయపడుతున్నారు. వాసనను నమ్మవచ్చా, నమ్మితే ఏం చేయాలి అన్నది ప్రశ్న.

నేను తిరుపతిలో ప్రభుత్వ ఆసుపత్రి మెడికల్ వార్డులో మూడు దశాబ్దాలకు పైగా స్టాఫ్ నర్సుగా పనిచేసి పదవీ విరమణ చేశాను. ఇప్పుడు మంచం పట్టిన పెద్దవారి సంరక్షణ ఎలా చేయాలో ఇళ్ళకు వెళ్ళి నేర్పుతున్నాను. ఆ అనుభవంతో చెబుతున్నాను.

మీ ముక్కును నమ్మండి, కాని దానితో జబ్బు పేరు చెప్పించకండి. దగ్గరివారి వాసనలో వచ్చిన మార్పు నిజమైన ఆరోగ్య సూచన కావచ్చు. అది ఒంట్లో ఎక్కడి నుంచి వస్తోందో ముందు తేల్చుకుని, ఈ వారంలోనే అమ్మగారిని ఒక జనరల్ ఫిజీషియన్‌కు చూపించి, రక్త, మూత్ర పరీక్షలు చేయించండి. మీరు రాసినదాన్ని బట్టి పార్కిన్సన్స్ కంటే నోరు, చర్మపు మడతలు, మూత్రం, పాదాలు, ఆ తరువాత కాలేయం, మూత్రపిండాలు ముందు చూడవలసినవి. వాసనతో పాటు వాంతులు, ఆయాసం, మగత, మాట తడబడడం వంటివి ఏవైనా ఉంటే వారం కాదు, ఒక్క గంట కూడా ఆగకుండా 108కు ఫోన్ చేయాలి.

మీ తమ్ముడికీ మరదలికీ తెలియకపోవడం మీది భ్రమ అనడానికి రుజువు కాదు. ఎప్పుడూ చుట్టూ ఉండే వాసనను ముక్కు కొద్దిసేపటికే పట్టించుకోవడం మానేస్తుంది. నెమ్మదిగా, నెలల తరబడి పెరిగే వాసన అయితే ఒకే ఇంట్లో ఉండేవారికి ఏనాటికీ తెలియకపోవచ్చు. వార్డులో నేను గమనించినది కూడా ఇదే: ఇలాంటి మార్పును మొదట చెప్పేవారు చాలాసార్లు పండుగకు పుట్టింటికి వచ్చిన కూతురో, సెలవులకు వచ్చిన మనవరాలో అయ్యేవారు. రోజూ సేవ చేసే కోడలికి అది తెలియకపోతే ఆమెది నిర్లక్ష్యం అనుకోకూడదు. ఈ మాట మీ ఇంట్లో గట్టిగా చెప్పండి, ఎందుకంటే వాసన గురించి మొదలైన మాట సరిగా చూసుకోవడం లేదన్న నిందగా మారి, అసలు పని ఆగిపోయిన ఇళ్ళను నేను చూశాను.

రోగిని వాసన చూసి గమనించడం వైద్యంలో కొత్త సంగతి కాదు. రుచి ఒక్కటి తప్ప మిగిలిన ఇంద్రియాలన్నిటితో రోగిని పరీక్షించాలని చరక సంహిత చెబుతుంది. మూత్రానికి చీమలు పట్టడాన్ని మన పూర్వులు మధుమేహానికి గుర్తుగా చూశారు. ఈ కాలపు పరిశోధన కూడా ఉంది. 2014లో స్వీడన్‌లోని కరోలిన్‌స్కా పరిశోధకులు ఎనిమిది మంది ఆరోగ్యవంతులకు రోగనిరోధక వ్యవస్థను రేకెత్తించే పదార్థాన్ని ఇంజెక్షన్‌గా ఇచ్చి, కొన్ని గంటల పాటు వారు తొడుక్కున్న టీ షర్టులను వేరేవారి చేత వాసన చూపించారు. ఉప్పునీటి ఇంజెక్షన్ తీసుకున్నప్పటి చొక్కాల కంటే ఆ చొక్కాల వాసన ఎక్కువ అప్రియంగా ఉందని చూసినవారు చెప్పారు. శరీరం జబ్బుతో పోరాడడం మొదలుపెట్టిన కొద్ది గంటలకే వాసన మారగలదని దీనివల్ల తెలుస్తుంది. అయితే అది ఏ జబ్బో ఆ ముక్కులు చెప్పలేదు, చెప్పమని ఎవరూ అడగలేదు కూడా.

ఇక మీ భయం సంగతి. మీరు చదివినది జాయ్ మిల్న్ అనే స్కాట్లాండు నర్సు గురించి. భర్తకు పార్కిన్సన్స్ అని వైద్యులు తేల్చడానికి పదేళ్ళకు పైగా ముందే ఆయన ఒంటి వాసన మారినట్టు ఆమె గమనించారు. తరువాత అదే జబ్బు ఉన్నవారి సమావేశానికి వెళితే అక్కడ అందరి దగ్గరా అదే వాసన తగిలింది. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త టిలో కునాథ్ ఆమెకు పన్నెండు టీ షర్టులు ఇచ్చారు, ఆరు రోగులవి, ఆరు ఆరోగ్యవంతులవి. రోగుల చొక్కాలు ఆరింటినీ ఆమె గుర్తుపట్టారు. ఆరోగ్యవంతుడిగా లెక్కించిన ఒకరికి కూడా జబ్బు ఉందన్నారు, కొన్ని నెలలకు ఆయనకూ అదే జబ్బు తేలింది. ఆ తరువాత మాంచెస్టరులో పెర్డిటా బారన్ అనే శాస్త్రవేత్త బృందం వీపు పైభాగపు చర్మంలోని జిడ్డును పరీక్షించి, పార్కిన్సన్స్ రోగులలో కొన్ని రసాయనాల మోతాదు వేరుగా ఉంటుందని 2019లో ప్రచురించింది.

ఇదంతా నిజమే, గొప్ప విషయమే. కాని మిల్న్ గారి ముక్కు అసాధారణమైనది. మీకూ నాకూ తగిలిన ముక్కిన వాసనను ఆమెకు తగిలినదానితో సమానం చేయలేము. పార్కిన్సన్స్ విషయంలో మీ ముక్కు కంటే అమ్మగారి ముక్కును అడగడం ఎక్కువ ఉపయోగం. ఆ జబ్బు ఉన్న చాలామందిలో వణుకు రావడానికి ఏళ్ళ ముందే వాసన తెలిసే శక్తి తగ్గుతుంది. పోపు మాడుతున్నా ఆమెకు తెలియడం లేదా, మలబద్ధకం కొత్తగా వచ్చిందా, నిద్రలో కేకలు వేయడం, చేతులు విసరడం ఉందా, నడిచేటప్పుడు ఒక చెయ్యి ఊగడం తగ్గిందా, చేతిరాత చిన్నదైందా అని చూడండి. ఇందులో రెండు మూడు ఉంటే నరాల వైద్యుడికి చూపించండి. ఏవీ లేకపోతే ఆ భయాన్ని ప్రస్తుతానికి పక్కన పెట్టండి.

వాసన ఎక్కడి నుంచి వస్తోందో ఎలా తేల్చాలి? ఈసారి వెళ్ళినప్పుడు రాత్రి అమ్మగారి పక్కనే పడుకోండి. పొద్దున్నే బయటికి వెళ్ళి కాసేపు మంచి గాలి పీల్చుకుని మళ్ళీ లోపలికి రండి. ఆ మొదటి రెండు మూడు శ్వాసలలో తెలిసినదే నమ్మదగినది. ఆమె పళ్ళు తోముకోక ముందు దగ్గరగా కూర్చుని మాట్లాడితే ఊపిరి వాసన తెలుస్తుంది. తలగడ గలీబు, రవికె మెడ భాగం, రవికె చంకలు, లోపలి లంగా, పాదాలు, వీటిని విడివిడిగా చూడండి. తలంటి పోసి, ఎండలో ఆరిన నూలు చీర కట్టించిన తరువాత కూడా వాసన ఉందా, ఎన్ని గంటలకు తిరిగి వచ్చింది అన్నది రాసిపెట్టుకోండి. పాత కొబ్బరినూనె మక్కిన వాసన, బీరువాలో మగ్గిన చీరల వాసన, కర్పూరం, సాంబ్రాణి, ముందురోజు తిన్న వెల్లుల్లి, ఇవన్నీ ఈ ఒక్క పనితో విడిపోతాయి. మందుల డబ్బా కూడా ఒకసారి తెరిచి చూడండి, షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్ మాత్రలకే కాస్త నీచు వాసన ఉంటుంది.

వయసుతో ఒంటి వాసన సహజంగా మారుతుందని కూడా గుర్తుంచుకోవాలి. నలభై దాటిన తరువాత చర్మపు జిడ్డులో నోనెనాల్ అనే పదార్థం కనిపిస్తుందని 2001లో జపాను పరిశోధకులు చెప్పారు. కాని ఆ మార్పు ఏళ్ళ మీద వస్తుంది. నాలుగైదు నెలల్లో వచ్చిన మార్పును వయసు ఖాతాలో రాయకండి.

మీ అమ్మగారి విషయంలో మొదట చూడమని నేను చెప్పేది రొమ్ముల కింద, పొట్ట మడతలో, గజ్జలలో ఉన్న చర్మం. షుగరు ఉన్న స్త్రీలకు చిత్తూరు ఎండల్లో ఆ మడతలు చెమటతో నాని, ఎర్రగా ఒరిసిపోయి, శిలీంధ్రం పట్టడం చాలా సాధారణం. ఆ వాసన మీరు రాసినట్టే ముక్కిన తీపిగా ఉండవచ్చు. పెద్దవారు దాన్ని ఎవరికీ చూపించరు, పౌడరు చల్లుకుని ఊరుకుంటారు. తరువాత నోరు. కట్టుడు పళ్ళు రాత్రిపూట తీయకపోవడం, చిగుళ్ళలో చీము, నాలుక మీద తెల్లని పొర, ఇవన్నీ షుగరు అదుపు తప్పినప్పుడు పెరుగుతాయి.

పాదాల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. షుగరు వల్ల పాదాల స్పర్శ పోయినవారికి గాయం నొప్పి ద్వారా తెలియదు, అందువల్ల ఇంట్లోవారికి వాసన ద్వారానే మొదట తెలుస్తుంది. మొక్కు తీర్చుకోవడానికి అలిపిరి మెట్లు వట్టి కాళ్ళతో ఎక్కి దిగిన ఒక పెద్దాయనను నేను వార్డులో చూసుకున్నాను. ఎండకు కాలిన రాయి మీద అరికాలు బొబ్బలెక్కిన సంగతి ఆయనకు తెలియనే లేదు, సాక్సులు తొడుక్కుని తిరిగారు. ఆయన పడుకున్న గదిలో కుళ్ళిన వాసన వస్తోందని కోడలు పట్టుబట్టి సాక్సులు తీయించబట్టి ఆయన పాదం దక్కింది, రెండు వేళ్ళు మాత్రం తీసేయవలసి వచ్చింది. పుండు నుంచి కుళ్ళు వాసన గాని, ఆకుపచ్చ రసితో పాటు తియ్యటి వాసన గాని వస్తే పసుపు, కాఫీ పొడి అద్దుతూ ఇంట్లో కూర్చోకుండా అదే రోజు సర్జన్‌కు చూపించాలి. కాలి వేళ్ళ సందులు అమ్మగారి చేత కాకుండా మీరే విప్పి చూడండి, ఆమె కళ్ళకు అవి కనిపించవు.

షుగరు ఉన్నవారి ఊపిరిలో బాగా మాగిన పండు వాసన, గోళ్ళరంగు తుడిచే ద్రావకం లాంటి వాసన వస్తే అది అత్యవసరం కావచ్చు. ఇన్సులిన్ చాలనప్పుడు శరీరం కొవ్వును విపరీతంగా కరిగిస్తుంది, అప్పుడు పుట్టే కీటోన్లలో ఒకటైన అసిటోన్ ఊపిరితో బయటికి వస్తుంది. దానితో పాటు రక్తం ఆమ్లమయమై, మనిషి లోతుగా, ఆగకుండా, పరుగెత్తి వచ్చినట్టు ఊపిరి తీస్తారు. జర్మనీ వైద్యుడు కుస్మౌల్ 1874లోనే ఈ శ్వాసను వర్ణించారు. పాకాల వైపు నుంచి ఒక తల్లి తన పన్నెండేళ్ళ పాపను ఇలాగే తీసుకువచ్చింది. పాపకు షుగరు ఉందని అప్పటికి ఎవరికీ తెలియదు, చిక్కిపోయింది, నీళ్ళు ఎక్కువ తాగుతోంది, కడుపునొప్పి, వాంతులు. దిష్టి తగిలిందని ఇరుగుపొరుగువారు అన్నా, నా బిడ్డ నోట్లో మామిడిపండు మురిగిన వాసన వస్తోంది, ఇది దిష్టి కాదు అని ఆ తల్లి రాత్రికి రాత్రే ఆటో మాట్లాడుకుని వచ్చింది. ఆ పాపకు సమయానికి సెలైన్, ఇన్సులిన్ అందాయి.

ఇందులో మీ అమ్మగారికి వర్తించే జాగ్రత్త ఒకటి ఉంది. ఆమె మందులలో డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి పేరు ఉందేమో చూడండి. ఇవి చక్కెరను మూత్రంలోకి పంపించే మందులు, చాలామందికి మేలు చేస్తాయి. అయితే మూత్రంలో చక్కెర ఉండడం వల్ల మర్మాంగాల దగ్గర శిలీంధ్రం పట్టి, దురద, వాసన రావచ్చు. అంతకంటే ముఖ్యం, ఇవి వాడేవారిలో గ్లూకోమీటరు అంకె 250 లోపు ఉన్నా కీటోన్లు ప్రమాదకరంగా పెరగవచ్చు. మన ప్రాంతంలో పెరటాసి అనే తమిళ నెలలో శనివారాలు ఒక్కపొద్దు ఉండే పెద్దవారు ఎందరో ఉన్నారు. ఉపవాసం నాడు ఎవరి ఊపిరిలోనైనా కొంచెం కీటోను వాసన రావడం మామూలే. ఈ మందు మింగుతూ తిండి మానేయడం మాత్రం మామూలు విషయం కాదు. ఒక్కపొద్దు ఉండాలనుకుంటే ముందుగా వైద్యుడిని అడిగి మందు మార్చుకోవాలి. అంకె బాగానే ఉంది కదా అని వాంతులను, ఆయాసాన్ని ఉపవాసపు నీరసం అనుకోకూడదు. ఇంకొక మాట, కీటోను వాసన అందరి ముక్కులకూ తెలియదు, కాబట్టి వాసన లేదని ధైర్యంగా ఉండడానికి కూడా వీలు లేదు.

మూత్రపిండాలు దెబ్బతిన్నప్పుడు లాలాజలంలో యూరియా పెరుగుతుంది, నోటిలోని సూక్ష్మజీవులు దాన్ని అమోనియాగా మారుస్తాయి, ఊపిరి మూత్రశాల ఘాటుతో వస్తుంది. అన్నం సహించకపోవడం, నోట్లో ఇనుము రుచి, పొద్దున ముఖం ఉబ్బడం దానికి తోడవుతాయి. ఈ వాసన వచ్చేసరికి జబ్బు ముదిరి ఉంటుంది, కనుక వాసన కోసం ఎదురుచూడకుండా షుగరు ఉన్నవారు ఏటా రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ పరీక్షలు చేయించుకోవాలి.

కాలేయం గురించి మీకు ప్రత్యేకంగా చెప్పడానికి కారణం మీరు వాడిన మాటలే. కాలేయం బాగా చెడినప్పుడు డైమిథైల్ సల్ఫైడ్ వంటి గంధక పదార్థాలు వడకట్టుకుపోకుండా ఊపిరిలోకి వస్తాయి, ఆ వాసనను ముక్కిన తీపి వాసనగా వైద్యులు వర్ణిస్తారు. మా అమ్మ జన్మలో మందు ముట్టలేదు, ఆమెకు కాలేయం జబ్బు ఎందుకు వస్తుంది అని చాలామంది అంటారు. షుగరు ఉన్నవారిలో కాలేయానికి కొవ్వు పట్టి, ఏళ్ళ మీద గట్టిపడి, సిర్రోసిస్ వరకు వెళ్ళడం నేను వార్డులో తరచుగా చూశాను. మద్యం వాసన కూడా ఎరుగని స్త్రీలు వారిలో ఉన్నారు. పగలు నిద్ర, రాత్రి మెలకువ, పొంతన లేని మాటలు, కళ్ళ పచ్చదనం, పొట్ట ఉబ్బడం, కాళ్ళ వాపు, ఇవి ఉన్నాయేమో చూడండి. తారులా నల్లగా, జిగటగా, ఎన్నడూ లేని దుర్వాసనతో మలం వస్తే అది కడుపులో రక్తస్రావం కావచ్చు, అప్పుడు నేరుగా అత్యవసర విభాగానికి తీసుకువెళ్ళాలి. ఇనుము మాత్రలు మింగితే కూడా మలం నల్లబడుతుంది గాని ఆ జిగట, ఆ దుర్వాసన ఉండవు.

ఇక మూత్రం సంగతి. దీన్ని జబ్బు కంటే ఎక్కువ సున్నితంగా చూడవలసి ఉంటుంది. దగ్గినా, తుమ్మినా, బాత్రూముకు చేరేలోపు అయినా కొద్దిగా మూత్రం జారిపోవడం ఈ వయసు స్త్రీలలో చాలామందికి ఉంటుంది, చెప్పుకునేవారు బహు కొద్దిమంది. వారు లంగాలు తామే రహస్యంగా ఉతికి ఇంట్లోనే ఆరవేసుకుంటారు, బయటికి పోవడం, పెళ్ళిళ్ళకు వెళ్ళడం మానేస్తారు, మూత్రం రాకూడదని నీళ్ళు తాగడం తగ్గిస్తారు. నీళ్ళు తగ్గితే మూత్రం చిక్కబడి వాసన ఇంకా పెరుగుతుంది. మీ అమ్మగారు ఈ మధ్య నీళ్ళు తక్కువ తాగుతున్నారా, ప్రయాణాలు వద్దంటున్నారా అన్నది మీరు గమనించవచ్చు. మూత్రానికి వాసన ఉన్నంత మాత్రాన అది ఇన్‌ఫెక్షన్ కాదు. మంట, జ్వరం, కొత్తగా వచ్చిన అయోమయం లేకుండా, వాసన ఒక్కదాని కోసం మెడికల్ షాపులో యాంటీబయోటిక్ కొని వేయకండి.

నీ దగ్గర వాసన వస్తోందమ్మా అన్న మాట ఆమెతో ఎప్పుడూ అనకండి. నలుగురిలో అసలే వద్దు. ఆ ఒక్క మాటతో మనుమలను దగ్గరికి రానివ్వడం మానేసిన అవ్వలను నేను ఎరుగుదును. తలకు నూనె పెడతాను రామ్మా, ఈ రోజు నేను వీపు రుద్దుతాను అని దగ్గరికి తీసుకోండి. కాళ్ళు ఒత్తుతూ వేళ్ళ సందులు చూడవచ్చు, స్నానం చేయిస్తూ మడతలు చూడవచ్చు. మూత్రం విషయం అడగాలంటే, ఈ వయసులో చాలామందికి ఉంటుందట, మందూ వ్యాయామమూ ఉన్నాయట అని ముందు చెప్పి, తరువాత అడగండి. కూతురు అడిగితే చెప్పేది కొడుకుకు చెప్పలేరు, కాబట్టి ఈ పని మీ తమ్ముడి మీద పెట్టకండి.

సందర్భం వచ్చింది కాబట్టి ఇల్లాళ్ళకు పనికివచ్చే రెండు విషయాలు. చిన్నపిల్లవాడి ముక్కులో ఒక్క వైపు నుంచే చెడు వాసనతో చీమిడి కారుతుంటే చింతగింజో, శనగగింజో లోపల ఇరుక్కుని ఉండవచ్చు, ఇంట్లో పుల్లతో తీయకుండా చెవి, ముక్కు, గొంతు వైద్యుడికి చూపించాలి. పుట్టిన కొద్ది రోజులకే పాలు తాగడం మానేసిన బిడ్డ మూత్రం కాలిన చక్కెర వాసన, మెంతుల వాసన వస్తే అరుదైన పుట్టుక జబ్బు ఒకటి ఉండవచ్చు. తల్లి మెంతులు తిన్నా బిడ్డకు అదే వాసన రావచ్చు గాని, ఆ రెండింటినీ వేరు చేయవలసింది రక్తపరీక్షే.

వైద్యుడి దగ్గరికి వెళ్ళినప్పుడు వాసన వస్తోంది అని మాత్రమే చెబితే ఆయన కూడా తోసిపుచ్చవచ్చు. ఎప్పటి నుంచి, ఏ చోటి నుంచి, స్నానం తరువాత ఉందా, ఏ వేళ ఎక్కువ, ఆకలి, బరువు, నిద్రలో ఏం మార్పు వచ్చింది, ఏ మందు ఎప్పుడు మొదలైంది, ఇవి ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. మూడు నెలల సగటు షుగరు, క్రియాటినిన్, కాలేయ పరీక్షలు, ప్లేట్‌లెట్లతో సహా రక్తకణాల లెక్క, మూత్ర పరీక్ష, పొట్ట స్కానింగు, ఇవి చిత్తూరులోనే అయిపోతాయి. ఫలితాల్లో తేడా ఉంటే తిరుపతి స్విమ్స్ ఆసుపత్రికి గాని వేలూరుకు గాని వెళ్ళే సంగతి అప్పుడు ఆలోచించవచ్చు. పళ్ళ డాక్టరుకు చూపించడం మాత్రం మరచిపోకండి, అందరూ వదిలేసేది అదే. మీకు కోవిడ్ తరువాత గాని, జలుబు తరువాత గాని అన్ని వస్తువుల వాసనా వింతగా అనిపిస్తుంటే, అమ్మతో పాటు మీ ముక్కును కూడా చూపించుకోండి.

పరీక్షలన్నీ బాగున్నా వాసన మిగిలి ఉంటే, ఒక నెల తరువాత మళ్ళీ ఇదే పద్ధతిలో చూసి, మొదటి కాగితంతో పోల్చండి. అమ్మగారి మందుల పేర్లు, చివరిసారి చేయించిన క్రియాటినిన్ అంకె, వాసన ఊపిరిలో ఉందా బట్టలలో ఉందా అన్నది ఇక్కడ రాస్తే, ముందు ఏది చూడాలో ఇంకొంచెం కచ్చితంగా చెప్పగలను.